గుడ్లదొంగ

కౌముది పురిటికని పుట్టింటికి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, వంటింట్లో స్టీలు బిందెలోని నీళ్లు కదిలాయి.

ఆమె నేల మీద కూర్చుని గోరుచిక్కుడు తుంచుతోంది. నీళ్ల మీద సన్నని వలయాలు అంచు నుంచి మధ్యకు వచ్చి కలుస్తున్నాయి. కాసేపు ఆగి మళ్లీ వస్తున్నాయి. చప్పుడు మాత్రం ఏమీ లేదు. గనుల్లో పేలుస్తున్నారేమో అంది తల్లి దమయంతి. అన్నాక గుర్తొచ్చింది, ఆ రోజు అమావాస్య. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాతి గనులన్నిటికీ సెలవు.

కౌముది చేతిలోని కాయ పక్కన పెట్టి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పొద్దుటి నుంచి ఒకటే తన్నుతున్న బిడ్డ ఉన్నట్టుండి నిమ్మళించిందని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో భయం లేదు. రెప్పలు బరువెక్కి, ఎవరో తలకు నూనె అంటుతున్నట్టు హాయిగా కూర్చుంది.

దమయంతి బయటికి వచ్చి చూసింది. ఆమె పనిచేసే పరిశోధన కేంద్రం ఆవరణలోనే వాళ్ల ఇల్లు, అక్కడ పద్నాలుగు ఈము పక్షులుంటాయి. ఆ వేళకి అవి నీళ్ల తొట్టి దగ్గర ఒకదాన్నొకటి పొడుచుకుంటూ ఉండాలి. అన్నీ కాళ్లు ముడుచుకుని నేల మీద కూర్చుని ఉన్నాయి. అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, ఏడో నంబరు ఉండే దొడ్డివైపు.

ఏడో నంబరు ఈము కాదు. నలభై వేల ఏళ్ల కిందట ఈ మెట్టల్లో తిరిగి, మనిషి కంట పడ్డ కొద్దికాలానికే అంతరించిపోయిన ఒక జాతి పక్షి. ఎగరలేదు. ఇక్కడి ఒక గుహ లోపల తడి మట్టిలో దొరికిన ఒక తొడ ఎముకలో ఇంకా చెడిపోని జన్యుపదార్థం మిగిలి ఉంది. దాన్ని ఈము పిండంలోకి ఎక్కించి, ఈము గుడ్డులోనే పెంచారు. ఆరు గుడ్లు మురిగిపోయాయి. ఏడోది పగిలింది. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. దమయంతి కంటే ఒక జానెడు ఎత్తు, గొడ్డలి పిడంత ముక్కు, మసిరంగు ఈకలు. మనిషిని చూసేటప్పుడు తల తిప్పి ఒక్క కంటితోనే చూస్తుంది. ఆ కన్ను చాలాసేపు ఆర్పదు. ఈ లోకంలో దాని జాతిది ఇంకొకటి లేదు.

ఆ జాతికి పేరు పెట్టింది దమయంతే. ఇరవై రెండేళ్ల కిందట గుహలో రెండు పరిమాణాల ఎముకలు దొరికాయి. పెద్దవాటి లెక్కన ఆ పక్షి పది అడుగుల ఎత్తు, గుడ్డు నీళ్ల కడవంత. చిన్నది మనిషంతే. ఇంత తేడా ఉన్నవి ఒకే జాతి కావడానికి వీల్లేదని, రెండు వేర్వేరు జాతులని ఆమె వర్గీకరించింది. ఆ వ్యాసంతోనే ఆమెకు పేరొచ్చింది. ఒకచోట చిన్నదాని అస్థిపంజరం, పెద్దదాని గుడ్డు పెంకుల మీద బోర్లా పడి ఉంది. అందుకని చిన్నదానికి శాస్త్రీయ నామంలో తస్కర అని చేర్చింది. గుడ్లు దొంగిలించి తినేది అని అర్థం. అప్పట్లో ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న అరుంధతి అనే అమ్మాయి, అవి దొంగ, సొంతదారు కాకుండా మగ, ఆడ ఎందుకు కాకూడదని తన సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం రాసింది. న్యూజిలాండులో అంతరించిపోయిన మోవా పక్షుల విషయంలో అలాంటి పొరపాటే చాలాకాలం నడిచిందని ఉదాహరణ కూడా చూపించింది. ఊహలకు ఇక్కడ చోటు లేదని దమయంతి ఆ అధ్యాయం మొత్తం కొట్టేయించింది.

పెద్దదాని ఎముకలన్నీ సున్నంలా పొడిబారిపోయాయి. వాటిలో ప్రాణమున్న పోగు ఒక్కటీ దొరకలేదు. అందుకే పుట్టించగలిగింది దొంగనొక్కదాన్నే.

మర్నాడు దమయంతి భూమి అదురును కొలిచే యంత్రాన్ని దొడ్డి గోడకు బిగించింది. గోడంటే నిలువుగా పాతిన నాపరాళ్లు, రాయికీ రాయికీ మధ్య చెయ్యి పట్టేంత సందు. మధ్యాహ్నం పన్నెండు దాటాక యంత్రం కాగితం మీద సూది ఊగడం మొదలుపెట్టింది. పక్షి మెడను ఛాతీలోకి లాక్కుని, గొంతు కింది సంచిని ఊది నిల్చుంది. మనిషి చెవికి అందనంత కింది శ్రుతిలో పిలుస్తోంది. చెవికి అందకపోయినా పళ్ల చిగుళ్లకు అందింది. దమయంతికి ఎవరో వెనకాల నిలబడ్డట్టు అనిపించి రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఆ పిలుపు ఆరు నిమిషాలుంది. ఇంట్లోకి వచ్చి బిడ్డ ఎలా ఉందని అడిగితే, ఇందాక కాసేపు కదల్లేదని, ఇప్పుడే మళ్లీ తన్నుతోందని కౌముది చెప్పింది.

ఆ రోజే చెప్పాల్సింది. దమయంతి చెప్పలేదు. కాకతాళీయం కావచ్చు, ఇంకొక్కరోజు చూద్దాం అనుకుంది. రెండో రోజు పిలుపు తొమ్మిది నిమిషాలు. మూడో రోజు పదకొండు. కూతురికి మజ్జిగ ఇచ్చే నెపంతో పక్కన కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి, కదలిక ఆగిన క్షణం, మళ్లీ మొదలైన క్షణం మనసులో పెట్టుకునేది. తర్వాత ముందుగదిలోకి వెళ్లి నోటుపుస్తకంలో రాసుకునేది. గుడ్డులో ఉన్న పిల్లలు తల్లిదండ్రుల పిలుపు వింటాయని ఎవరికైనా తెలుసు. ఒక జాతి పిలుపుకు మరో జాతి గర్భంలోని శిశువు లోబడటం మాత్రం ఎవరూ చూడలేదు. నలభై ఏళ్ల చదువులో ఇలాంటిది ఆమె చేతికి అందడం ఇదే మొదటిసారి. నంద్యాలలో డాక్టరమ్మకు చూపించినప్పుడు గుండె చప్పుడు బాగానే ఉందంది. ఆ మాట పట్టుకుని దమయంతి ఇంకొన్ని రోజులు గడిపింది.

ఈలోగా ఏడో నంబరు తన చోటు మార్చుకుంది. దొడ్డికి పడమటి చివర, సరిగ్గా కౌముది పడుకునే గది గోడకు ఆనుకుని నిలబడటం మొదలుపెట్టింది. అక్కడి గట్టి నేలను కాళ్లతో, ముక్కుతో రెండు రోజులు తవ్వింది. గోళ్లు చిట్లి నెత్తురొచ్చినా ఆపలేదు. గుంత పూర్తయ్యాక అందులో దిగి, గోడ మీద మెడ ఆనించి కూర్చుంది. గదిలో కౌముది కూడా మంచం ఆ గోడకే జరిపించుకుంది. చల్లగా ఉంటుందంది. మధ్యాహ్నం వేళ ఆమె అరచేయి గోడకు ఆనించి, కళ్లు తెరుచుకునే ఒకటే చూపు చూస్తూ పడుకునేది. పిలిస్తే రెండో పిలుపుకో మూడో పిలుపుకో పలికేది.

పక్షుల్ని చూసుకునేది దస్తగిరి. ఒకప్పుడు ఆ చోటే అతని ఈముల ఫారం. ఆ వ్యాపారం కూలిపోయాక కేంద్రం వాళ్లు ఆ దొడ్లు తీసుకుని అతన్నే ఉంచేశారు. చదువు ఐదో తరగతి. పదిహేనేళ్లు ఈముల మధ్యే బతికిన మనిషి. ఏడో నంబరు మేత ముట్టి నాలుగు రోజులైందని చెప్పడానికి వచ్చాడు. జబ్బేమైనా చేసిందా, ఏమైనా కోపమొచ్చి కూర్చుందా అని అడిగింది దమయంతి.

"అలగల్యా మేడమ్. పొదుగుతాండాది" అన్నాడు దస్తగిరి.

"గుడ్డేదీ పొదగడానికి?"

అతను తువ్వాలుతో మెడ తుడుచుకుని, గోడవైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "గోడకవతల ఉండాదనుకుంటాండాది మేడమ్."

ఆ సాయంత్రం దమయంతి కూతురికి అంతా చెప్పేయాలని, అల్లుడు హరినాథ్‌కి ఫోన్ చేసి తీసుకెళ్లమనాలని నిశ్చయించుకుని ఇంటికి వెళ్లింది. అప్పటికే కౌముది ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో నోటుపుస్తకం తెరిచి ఉంది. పేజీకి రెండు వరసలు. ఎడమ వరస పైన ఏడు అని, కుడి వరస పైన కౌ అని రాసి ఉన్నాయి. పదకొండు రోజుల సమయాలు, నిమిషాలతో సహా.

"కౌ అంటే నేనేనా అమ్మా?"

దమయంతి పుస్తకం కోసం చెయ్యి చాచింది, కౌముది ఇవ్వలేదు.

"మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంటుంటే, ఇన్నాళ్లకి మా అమ్మకి నా దగ్గర కూర్చునే తీరిక దొరికింది అనుకున్నా."

"రెండ్రోజులు చూసి చెబుదామనుకున్నానే. నీకు ప్రమాదం లేదని డాక్టరమ్మ..."

"డాక్టరమ్మకి ఈ పుస్తకం చూపించినావా?"

చూపించలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కౌముది గొంతు పెంచలేదు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి తన చీరలు సర్దుకుంది. పొద్దున్నే హరినాథ్ నందికొట్కూరు నుంచి కారు తీసుకుని వచ్చాడు. పురిటికి తెచ్చుకున్న కూతుర్ని నెల తిరక్కుండా అత్తారింటికి పంపడం ఎక్కడైనా ఉందా అని అతను ఆశ్చర్యపోతే, కౌముది ఏ కారణమూ చెప్పలేదు. తల్లికి వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

కారు కదలగానే ఏడో నంబరు గుంతలోంచి లేచింది. నాపరాళ్ల వెంబడి కారుతో సమానంగా పరిగెత్తి, దొడ్డి మూలకు వచ్చి ఆగి, గొంతు సంచి ఊదింది. ఆవరణలోని ఈములన్నీ ఒక్కసారిగా కూలబడ్డాయి. రోడ్డు మలుపులో కారు కనుమరుగయ్యాక పక్షి వెనక్కి నడిచి వెళ్లి, గుంతలో దిగి, ఖాళీ గది గోడకు మెడ ఆనించింది.

ఆ తర్వాత అది లేవలేదు.

రోజులు వారాలయ్యాయి. కేంద్రం డైరెక్టర్ శేషశయనం హైదరాబాదు నుంచి పశువైద్యులను పిలిపించాడు. గొట్టంతో నీళ్లు, గంజి లోపలికి పంపారు. రెండు రోజులకోసారి పంపే ఆ ద్రవమే దాని ఆహారం. గుంతలోంచి ఎత్తి పక్కకు పెడితే, గంటసేపు పాకుతూ మళ్లీ గుంతలోకే చేరింది. దమయంతి ఈముల గుడ్లు తెప్పించి దాని కిందికి తోసి చూసింది. పక్షి ఒక్కొక్క గుడ్డుకీ తల ఆనించి విని, ఒక్కొక్కదాన్నీ ముక్కుతో బయటికి నెట్టేసింది. మధ్యాహ్నమైతే పిలుపు మాత్రం మానలేదు. యంత్రం మీద సూది రోజురోజుకూ తక్కువ ఊగుతోంది.

ఒకసారి వైద్యులు దాన్ని పైకెత్తినప్పుడు దమయంతి గుంతలోకి దిగింది. దొన్నెలా నున్నగా, లోతుగా, చేత్తో మెత్తినట్టుంది అది. అలవాటు కొద్దీ టేపు పెట్టి కొలిచింది. వెడల్పు రాసుకుంది. వంపు రాసుకుంది. రాసిన అంకెలు చూస్తుంటే ఎక్కడో చూసినట్టే అనిపించింది. లోపలికి వెళ్లి ఇరవై రెండేళ్లనాటి తన వ్యాసం తీసింది. గుహలో దొరికిన పెద్ద పెంకుల వంపు అందులో ఉంది. రెండూ ఒకటే. ఈ పక్షి తవ్విన గుంత దాని ఒంటికి తగిన గుడ్డు కోసం కాదు. కడవంత గుడ్డు కోసం. దానికి ఎవరూ నేర్పలేదు. అంత గుడ్డు అది ఎన్నడూ చూడలేదు.

రెండు జాతులు లేవు. పది అడుగుల ఎత్తున్నది ఆడది. గుడ్డు పెట్టి వెళ్లిపోయేది. చిన్నది మగది. కూర్చుని పొదిగేది. గుహలో పెంకుల మీద బోర్లా పడి చచ్చిన పక్షి దొంగ కాదు, తండ్రి. గుహ కప్పు కూలుతున్నా లేవకుండా గుడ్డు మీదే ఉండిపోయినవాడు. తన పేరు ప్రతిష్ఠలన్నీ ఆ తండ్రికి పెట్టిన దొంగ పేరు మీద నిలబడ్డవే.

తప్పు ఒప్పుకుంటూ అరుంధతికి ఉత్తరం రాసింది. ఎక్కడుందో కనుక్కోవడానికే వారం పట్టింది. తిరుపతి దగ్గర ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. జవాబు రెండు వాక్యాలే వచ్చింది. నాకు ఆనందంగా లేదు మేడమ్, ఆ పక్షిని బతికించండి, అని.

కౌముదికి ఆడపిల్ల పుట్టింది. కర్నూలు ఆసుపత్రికి దమయంతి వెళ్లినప్పుడు హరినాథ్ తల్లి ఆమెను ఆదరంగా కూర్చోబెట్టింది. కౌముది బిడ్డను చేతికిచ్చింది గానీ మాట్లాడలేదు. బిడ్డ చక్కగా ఉంది, ఏడ్చింది, పాలు తాగింది. దమయంతి ఏమీ అడగలేదు, ఏమీ కొలవలేదు. పది నిమిషాలు ఒళ్లో పెట్టుకుని తిరిగి ఇచ్చేసింది.

ఇరవై రోజుల తర్వాత ఫోన్ కౌముది నుంచే వచ్చింది. అది బతికే ఉందా అని అడిగింది. బతికే ఉందని, ఎన్నాళ్లో ఉండదని దమయంతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"రోజూ మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి పాప ఏడుపు ఆపుతాదమ్మా" అంది కౌముది. "చెవులు రిక్కించినట్టు చూస్తాది. దేనికోసమో ఎదురుచూస్తాది. ఇక్కడేమీ రాదు కదా. అప్పుడు మొదలుపెడితే సాయంత్రం దాకా ఏడుస్తానే ఉంటాది."

దమయంతి రమ్మని అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. ఆ ఆదివారం పదిన్నరకు కారు వచ్చి కేంద్రం ముందు ఆగింది. హరినాథ్ ముఖం గంటు పెట్టుకుని దిగాడు. అతనికి ఇది ఏ మాత్రం ఇష్టం లేదని చూస్తేనే తెలుస్తోంది. కౌముది తెల్ల గుడ్డలో చుట్టిన బిడ్డను ఎత్తుకుని, తల్లిని దాటుకుని, నేరుగా నాపరాళ్ల దగ్గరికి నడిచింది.

పక్షి మెడ నేల మీద వాలి ఉంది. ఈకలు ఊడి, తొడల దగ్గర చర్మం ముడతలు పడి వేలాడుతోంది. ఈగలు ముసురుతున్నాయి. దస్తగిరి గోనెపట్టాతో వాటిని తోలుతూ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కౌముది రాతి సందు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఎండకు కాబోలు, బిడ్డ కేరుమని ఏడ్చింది.

పక్షి కన్ను తెరుచుకుంది.

అప్పుడు దాని గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నాలుగేళ్లలో ఏ యంత్రమూ పట్టని చప్పుడు. మనిషి చెవికి బాగా వినపడేది, సన్నగా, అప్పుడే పగిలిన గుడ్డులోంచి వచ్చినట్టు. అంత పెద్ద ఒంట్లోంచి అంత చిన్న గొంతు వినేసరికి హరినాథ్ రెండడుగులు వెనక్కి వేశాడు. బిడ్డ ఏడుపు ఆపింది. ఇరవై మూడు రోజుల పసికందు, మెడ నిలపడం రానిది, తల్లి భుజం మీంచి తల అటువైపు తిప్పింది.

పక్షి లేవడానికి మూడుసార్లు ప్రయత్నించింది. దస్తగిరి సాయం పట్టబోతే దమయంతి వద్దని చెయ్యి చూపింది. నాలుగోసారి లేచి నిలబడింది. ఊగుతూ వచ్చి సందులోంచి ఒక్క కంటితో బిడ్డను చూసింది. దస్తగిరి పరుగున వెళ్లి దోసెడు నానిన జొన్నలు తెచ్చి ముందు పోశాడు. పక్షి నాలుగు గింజలు ముక్కున పట్టి, మింగకుండా, మెడ వంచి సందులోంచి అవతల బిడ్డ ముందు రాల్చింది. ఆగింది. మళ్లీ రాల్చింది. మూడోసారి తాను మింగింది.

తర్వాత వెనక్కి తిరిగి గోడ వెంబడి పది అడుగులు నడిచింది. ఆగి తల తిప్పి చూసింది. ఎవరూ రావడం లేదు. వెనక్కి వచ్చి, మళ్లీ అదే చిన్న గొంతుతో పిలిచి, మళ్లీ పది అడుగులు నడిచింది. ఈముల్లో, పొదిగిన మగ పక్షి వెంట పిల్లలు ఏడాదికి పైగా తిరుగుతాయి. దమయంతికి ఆ సంగతి తెలుసు. ఇప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. పక్షి అలా అయిదుసార్లు వెళ్లి వచ్చింది. కాళ్లు వణుకుతున్నాయి.

"దానికింకా నడక రాదు నాయనా" అంది కౌముది పక్షితో. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "ఇంకా ఏడాది పడుతుంది. అందాకా తిని బతుకు."

ఆ రోజు ఏడో నంబరు దోసెడు జొన్నలు తింది. మర్నాడు లూసర్న్ గడ్డి ముట్టింది. నెల తిరిగేసరికి కొత్త ఈకలు మొలిచాయి.

దమయంతి తన వర్గీకరణను తానే రద్దు చేస్తూ వ్యాసం ప్రచురించింది. దాని మీద మొదటి పేరు అరుంధతిది. శేషశయనం గుహలో మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టించాడు, ఆడదాని ఎముక, చెడనిది, ఒక్కటైనా దొరుకుతుందేమోనని. ఇంకా దొరకలేదు. కౌముది నెలకోసారి బిడ్డను తీసుకుని వస్తుంది. తల్లితో మాట్లాడుతుంది. పాప పళ్ల గురించి, జ్వరం గురించి, వాతావరణం గురించి. పాత సంగతి ఇద్దరూ ఎత్తరు. బిడ్డను తల్లి చేతికిచ్చి పక్కగదిలోకి కూడా వెళ్లదు. హరినాథ్ ఇక రావడం మానుకున్నాడు. పిల్లకు శర్వాణి అని పేరు పెట్టారు.

శర్వాణికి పదకొండు నెలలప్పుడు, చలికాలం ఎండలో, నాపరాళ్ల పక్కన చాప పరిచి కూర్చోబెట్టారు. అప్పటిదాకా పాప పట్టుకుని నిలబడటమే గానీ అడుగు వేయలేదు. రాయి పట్టుకుని లేచింది. అవతల ఏడో నంబరు ఆ చిన్న గొంతుతో ఒకసారి పిలిచి, కదిలింది. పాప రాయి వదిలేసింది. ఒక అడుగు. ఇంకొకటి. తూలి, నిలదొక్కుకుని, ఇంకొకటి. దస్తగిరి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. రాళ్లకు ఇటు పాప, అటు పక్షి, ఒకే నడకతో దొడ్డి మూలవైపు వెళ్తున్నారు.

కౌముది మొదట నవ్వింది. తర్వాత కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. పాప వెనక్కి చూడలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. ఆగింది పక్షి. సందులోంచి ఆ ఆర్పని కన్ను కౌముది మీద నిలిచింది, అపరిచితుల మీద నిలిచినట్టు. పాప కూడా దాని పక్కనే ఆగి నిలబడింది, ఎటూ చూడకుండా, బొమ్మలా కదలకుండా.

కౌముది చెప్పులు వదిలేసి పరిగెత్తింది.